ఏడడుగుల గోడ, ఒక చీటీ పాట

ఒంగోలు నుంచి చీమకుర్తి పాతిక కిలోమీటర్ల లోపే. అక్కడి నల్ల గెలాక్సీ గ్రానైట్ ఓడలెక్కి దేశదేశాల వంటిళ్లకి పోతుంది. మా వంటింట్లో మాత్రం ముప్పై ఏళ్ల పాటు కడప రాయి గట్టే ఉండేది. ఆ గట్టు మీద మా అత్తయ్య కొన్ని వేల దోసెలు పోసింది. నేను కోడలిగా వచ్చాక ఇంకొన్ని వేలు పోశాను. ఇద్దరిదీ ఒకటే ఫిర్యాదు. వంటింట్లో ఉన్నంతసేపూ ఇంట్లో లేనట్టే ఉంటుంది.

ఇల్లు 1994లో మామయ్యగారు కట్టించారు. స్తంభాలు లేవు, తొమ్మిదంగుళాల ఇటుక గోడలు, పైన స్లాబు, కింద మొజాయిక్. హాలు పద్దెనిమిది పన్నెండు. దానికి తూర్పున, ఆగ్నేయ మూలలో పది తొమ్మిది వంటిల్లు. రెండింటికీ మధ్య పదడుగుల గోడ, అందులో ఒక రెండున్నర అడుగుల గుమ్మం. వంటింటి కిటికీలోంచి పొద్దున్నే బంగారంలాంటి ఎండ వచ్చేది. అదంతా ఆ గోడకి కొట్టుకుని అక్కడే ఆగిపోయేది. హాల్లో పగలు పదకొండింటికి కూడా ట్యూబ్‌లైటు వేసుకునేవాళ్లం. అందుకే ఆ గోడ తీసి వంటింటిని హాల్లో కలిపేద్దామనుకున్నాం.

డబ్బు సంగతి ముందే చెప్పేస్తాను. నేను వేసిన మూడు లక్షల చీటీ, నెలకి 15,000 చొప్పున 20 నెలలు. తొమ్మిదో నెలలో పాడుకుంటే పాట తగ్గింపు కింద 39,000 పోయి 2,61,000 చేతికొచ్చింది. "దీంట్లోనే అయిపోవాలి, బ్యాంకు గడప తొక్కేది లేదు" అని మా ఆయన ముందే గీత గీశారు. ఆ ధైర్యంతోనే ఒక మాడ్యులర్ కిచెన్ షోరూముకి వెళ్లాం. కూల్‌డ్రింక్ ఇచ్చి, కంప్యూటర్లో మా వంటింటిని తిప్పి తిప్పి చూపించి, 4,15,000 అని కాగితం చేతిలో పెట్టారు. గోడ కొట్టడం, కరెంటు, నీళ్ల పైపులు అందులో లేవు. ఇంటికొచ్చి కాగితం నింపాదిగా చదివితే, సింకు కింద అరలతో సహా లోపలి డబ్బాలన్నీ పార్టికల్ బోర్డు. రంపపు పొట్టుని అంటించి నొక్కిన పలక అది. నీళ్లు తగిలితే నానిన బిస్కెట్టులా ఉబ్బుతుంది. మా సింకు కింద నీళ్లు కారని నెల నాకు గుర్తు లేదు. కూల్‌డ్రింక్‌కి థ్యాంక్స్ చెప్పుకుని ఆ ఊసు వదిలేశాం.

తెలిసిన మేస్త్రీని పిలిచాం. ఆయన గోడ మీద అరచేత్తో రెండు దెబ్బలు వేసి, "ఏముందమ్మా, ఒక్క పూటలో కొట్టేద్దాం" అన్నాడు. నాకు సంతోషం ఆగలేదు. మా ఆయనకి మాత్రం అనుమానం. ఆయన స్నేహితుడి తమ్ముడు సివిల్ ఇంజనీరు, ఆదివారం పూట వచ్చి చూశాడు. గుమ్మం దగ్గర టేపు పెట్టి గోడ మందం కొలిచాడు. మేడ మీదికెక్కి స్లాబు ఎటు నుంచి ఎటు పోతోందో చూశాడు. కిందికొచ్చి, "వదినా, ఇది అడ్డుగోడ కాదు. అటు హాలు స్లాబు, ఇటు వంటింటి స్లాబు రెండూ దీని మీదే కూర్చున్నాయి. పూటలో కొడితే పూటలోనే కిందికొస్తాయి" అన్నాడు. అపార్ట్‌మెంట్లలో స్తంభాలూ దూలాలూ బరువు మోస్తాయి కాబట్టి మధ్యలో నాలుగున్నర అంగుళాల గోడ తీసేసినా చాలాచోట్ల చెల్లుతుందట. స్తంభాల్లేని పాత ఇళ్లలో గోడే స్తంభం. ఇంజనీరు తీసుకున్న 3,000 ఈ మొత్తం పనిలో అన్నిటికంటే బాగా ఖర్చయిన డబ్బని ఇప్పటికీ అంటాను. మేస్త్రీ నాలుగు రోజులు మొహం ముడుచుకున్నాడు, అది వేరే సంగతి.

పదడుగుల్లో ఏడడుగులు తెరిచి, దక్షిణం వైపు మూడడుగులు ఉంచేయడం ఇంజనీరు చెప్పిన మార్గం. తెరిచిన చోట పైన ఇనుము బరువు మోయాలి. 2024 ఫిబ్రవరిలో, రథసప్తమి వెళ్లాక వచ్చిన సోమవారం పని మొదలైంది. గోడకి అటూ ఇటూ స్లాబు కింద ఆనుగా సెంట్రింగు జాకీలు, అంటే ఇనుప పోట్లు బిగించారు. హాలు వైపు నుంచి గోడలో సగం మందం దాకా అడ్డంగా గాడి కొట్టి, ఆరంగుళాల సి చానెల్ (ఇంగ్లిషు C ఆకారంలో ఉండే ఇనుప దూలం) ఒకటి అందులోకి ఎక్కించారు. తొమ్మిదడుగుల ముక్క, నలభై అయిదు కిలోల దాకా ఉంటుంది. నలుగురు మోశారు. స్లాబుకీ చానెల్‌కీ మధ్య సందు మిగలకుండా ఎండినా కుంచించుకుపోని సిమెంటు గ్రౌట్ దట్టించారు. రెండు రోజులాగి వంటింటి వైపు నుంచి రెండోది. రెండిటినీ కలిపి బోల్టులు. వారం తర్వాత గానీ కింది ఇటుకల మీద సుత్తి పడలేదు.

ఆ వారం అత్తయ్య హాల్లో కూర్చోలేదు. జాకీల మధ్య నడవాల్సి వస్తే కొంగు నెత్తి మీద వేసుకుని గబగబా దాటేసేది. ఆఖరి వరస ఇటుకలు తీసిన రోజు పొద్దున్న ఎనిమిదింటికి ఎండ నేరుగా వచ్చి టీవీ మీద పడింది. "ఇక నీ సీరియల్ కనపడదే అమ్మా" అని మా ఆయన నవ్వారు. "కనపడకపోతే మానె, నాలుగు రోజులు ఎండ చూస్తా" అంది. జాకీలు ఇంకో వారం ఉంచి తీశారు. స్లాబు కింద సున్నం మీద వెంట్రుకంత గీతైనా పడిందేమో అని టార్చి వేసి వెతికాను. పడలేదు. ఇనుము, గ్రౌట్, జాకీల అద్దె, కూలీలు అన్నీ కలిపి 38,000. రెండు ట్రాక్టర్ల మట్టి బయటికి పోయింది.

అసలు తగువు ఆ తర్వాత మొదలైంది. పొయ్యి ఎక్కడ?

గోడ కొట్టించిందే హాల్లోవాళ్లని చూస్తూ వంట చేద్దామని. కానీ వండేవాళ్లు తూర్పుకి తిరిగి నిలబడాలన్నది అత్తయ్య పట్టు. మా హాలు పడమట ఉంది. అంటే అంత ఖర్చు పెట్టి, హాలుకి వీపు పెట్టి వండాలన్నమాట. రెండు రోజులు ఎడమొహం పెడమొహం. మూడో రోజు విసుగెత్తి ఒక పని చేశాను. వరండాలో పెట్టుకున్న తాత్కాలిక వంటింట్లో పప్పు, వంకాయ కూర, చారు, అన్నం చేస్తూ ఎప్పుడెక్కడ ఉన్నానో గడియారం చూసి రాసుకున్నాను. మొత్తం గంటా పది నిమిషాలు. అందులో పొయ్యి ముందు కదలకుండా నిలబడింది ఇరవై నిమిషాలు కూడా లేదు. మిగతాదంతా తరగడం, కడగడం, చింతపండు పిసకడం, డబ్బాలు తీయడం, పెట్టడం. తగువు తీరిపోయింది. పొయ్యి తూర్పు గోడకే, ఆగ్నేయ మూలలోనే. తెరిచిన చోట నాలుగున్నర అడుగుల గట్టు, తరుగుడూ పిండి కలుపుడూ అక్కడ, హాలు వైపు మొహం పెట్టి. సింకు ఈశాన్యం వైపు, కిటికీకి దగ్గరగా.

అత్తయ్య పట్టు వల్ల మాకు తెలియకుండానే ఇంకో మేలు జరిగింది. హాల్లో ఫ్యాను ఐదులో తిరుగుతుంటే తెరిచిన వంటింట్లో స్టవ్ మంట అల్లాడుతుంది. సిమ్‌లో పెడితే ఆరిపోతుంది కూడా. ఆరిన బర్నర్ నుంచి గ్యాస్ వస్తూనే ఉంటుంది, ఆటలు కాదు. మేము వదిలేసిన మూడడుగుల గోడ సరిగ్గా ఫ్యానుకీ పొయ్యికీ అడ్డం పడింది. మా వీధిలోనే ఒకరు గోడ మొత్తం తీసేసి, ఒంగోలు మే నెలలో ఫ్యాను ఆపుకుని వంట చేస్తున్నారు.

ఎత్తు దగ్గర మళ్లీ పంచాయితీ. అత్తయ్య నాలుగడుగుల పదకొండు, నేను అయిదు నాలుగు. పాత తలుపు చెక్క ఒకటి ఇటుకల మీద పెట్టి, దాని మీద చపాతీ పీట వేసి, ఇద్దరం ఉత్తుత్తి చపాతీలు ఒత్తాం. ఇటుక తీస్తే నా నడుం పట్టేస్తుంది, పెడితే ఆవిడ భుజాలు చెవుల దాకా లేస్తున్నాయి. చివరికి తూర్పు గట్టు 32 అంగుళాలు, నేను తరిగే గట్టు 34 అంగుళాలు అనుకున్నాం. రెండంగుళాల తేడా చూసి మేస్త్రీ "లెవెల్ తప్పిందంటారమ్మా నన్ను" అని బాధపడ్డాడు.

గ్రానైట్‌కి ఒక రోజంతా చీమకుర్తిలో గడిచింది. నిండు స్లాబులు మా బడ్జెట్‌కి దూరం. పాలిషింగ్ యూనిట్లలో వెనక వైపు, ఎగుమతి సైజు కోసుకోగా మిగిలిన కటింగ్ ముక్కలు గోడకి ఆనించి ఉంటాయి. అడుగు 120కి వచ్చింది. మాకు కావాల్సింది 42 అడుగులు. ముక్కలన్నీ నల్లగానే కనిపిస్తాయి గానీ, పక్కపక్కన పెట్టి ఎండలో చూస్తే ఒకదాంట్లో చుక్కలు చిక్కగా, ఒకదాంట్లో పలచగా. ఒకే బండలోంచి వచ్చిన ముక్కలే కావాలని పట్టుబట్టాం. అక్కడున్న పెద్దాయన నాకో చిట్కా చూపించాడు. బకెట్లో నీళ్లు మగ్గుతో తీసి రాయి మీద పోశాడు. ఎండకి నిమిషంలో రాయంతా ఆరిపోయింది, మధ్యలో జానెడు పొడవున సన్నటి తడి గీత మాత్రం అలాగే నిలిచింది. "అది పగులమ్మా. కంటికి కనపడదు, నీళ్లకి కనపడుద్ది." అలా మూడు ముక్కలు పక్కన పెట్టించి, నాలుగు తెచ్చుకున్నాం. అతుకు సింకు కన్నం దగ్గర రాకుండా, పొయ్యికీ సింకుకీ మధ్య వచ్చేలా ఇంట్లోనే చాక్‌పీస్‌తో గీసుకుని వెళ్లాం కాబట్టి సరిపోయింది.

పాత కడప రాళ్లని మట్టి ట్రాక్టర్లో ఎక్కించబోతుంటే అత్తయ్య ఆపింది. ఆ మాట నాకు తట్టనందుకు ఇప్పటికీ సిగ్గే. కింది అరలకి ప్లైవుడ్ డబ్బాలు చేయించకుండా, ఆ రాళ్లనే కోసి నిలువు పలకలుగా, అడ్డ అరలుగా నిలబెట్టాం. ముందు తలుపులు మాత్రం ప్లైవుడ్. రాయికి చెద ఎక్కదు, నీళ్లు కారినా ఉబ్బదు. వడ్రంగి పని సగానికి సగం తగ్గింది. తలుపులకి, పై అరలకి, హాల్లో టీవీ కింద బల్లకి కలిపి 96,000 అయింది. ప్లైవుడ్ కొనేటప్పుడు దుకాణంలో "వాటర్‌ప్రూఫే మేడం" అన్న మాట వినకుండా పలక మీద ముద్ర చూశాం. ఐఎస్ 710 అని ఉంటే మెరైన్ రకం. ఐఎస్ 303లో మామూలుదీ ఉంది, నీటికి కొంత ఓర్చేదీ ఉంది, పక్కన ఉన్న అక్షరాలు కూడా చదవాలి. సింకు పక్క తలుపులకి 710, మిగతావాటికి 303లోని రెండో రకం.

మిగిలిన కడప పలక ఒకటి ఉత్తరం గోడకి పద్దెనిమిది అంగుళాల ఎత్తులో అరుగులా వేయించాం. అత్తయ్య కత్తిపీటతో కింద కూర్చుని లేవలేకపోతోంది. ఇప్పుడా అరుగు మీద కూర్చుని, ముందు చిన్న పీట వేసుకుని చిక్కుడుకాయలు వలుస్తుంది. అక్కడి నుంచి వీధి గుమ్మం దాకా కనిపిస్తుంది. ఎవరు వచ్చినా ముందు పలకరించేది ఆవిడే.

అన్నీ ఇలా చక్కగా జరిగాయనుకునేరు. వైరింగ్ అయ్యాక, "పొయ్యి ఒక అడుగు ఇటు జరిపితే బాగుంటుంది" అన్నాను. జరిపారు. టైల్స్ వేశారు. తీరా స్టవ్ పెట్టి చూస్తే మిక్సీ సాకెట్ సరిగ్గా బర్నర్ వెనకాల, పోపు చిటపటలన్నీ దాని మీదే. టైల్ పగలగొట్టి, బోర్డు జరిపి, మళ్లీ టైల్ వేస్తే 1,700. ఆ కొత్త టైల్ రంగు కూడా కలవలేదు. డబ్బా మీద బ్యాచ్ నంబరు వేరట, దుకాణం అతను చెప్పలేదు, నేను అడగలేదు. ఆ ఒక్క టైల్ ముందు ఎప్పుడూ నూనె సీసా పెడతాను.

పాత వైర్లు గోడలోంచి బయటికి తీసినప్పుడు తొడుగు చేతిలో పొడి పొడిగా రాలింది. అది చూశాక అక్కడ బేరం ఆడలేదు. ఓవెన్, గ్రైండర్ లాంటి 16 ఆంప్స్ సాకెట్లకి 4 చదరపు మిల్లీమీటర్ల వైరు విడిగా లాగించాం. షాకు తగిలితే కరెంటు కొట్టేసే 30 మిల్లీ ఆంప్స్ ఆర్‌సీసీబీ పెట్టించాం. మొత్తం 27,000.

గ్యాస్ సిలిండర్ని గట్టు కింద తలుపు వెనక దాచేద్దామనుకున్నాం. సిలిండర్ తెచ్చే అబ్బాయి చూసి, "అక్కా, ఇలా మూసేస్తే లీకైన గ్యాస్ ఎటు పోతుంది?" అన్నాడు. గ్యాస్ గాలికంటే బరువు, నేలబారున పరుచుకుంటుంది. తలుపు అడుగున అరచేయి పట్టేంత సందు వదిలి, కింది భాగంలో కన్నాలు పెట్టించాం. గోడకి రంధ్రం చేసి ట్యూబుని పెరట్లోకి లాగుదామన్న నా రెండో తెలివిని కూడా అతనే కొట్టిపారేశాడు. గోడలో ఉన్న ట్యూబు చిట్లినా కంటికి కనపడదు.

నేల గురించి భయపడినంత ఏమీ జరగలేదు. గోడ తీసిన చోట మొజాయిక్ మధ్యలో తొమ్మిదంగుళాల మట్టి చార. పాత మొజాయిక్‌కి జత దొరకదు. అందరూ "మొత్తం పీకేసి టైల్స్ వేయించండి" అన్నవాళ్లే. మేము ఆ చారలో మిగిలిన గెలాక్సీ ముక్క కోసి గడపలా పరిచి, మిగతా మొజాయిక్‌కి మెషిన్‌తో పాలిష్ పట్టించాం. 9,500. తెల్లటి నురగలాంటి బురద రెండు రోజులు ఇల్లంతా పారింది గానీ, మామయ్యగారు వేయించిన ఆకుపచ్చ, ఎరుపు రాళ్లు మళ్లీ తేలాయి. ఇంటికొచ్చిన వాళ్లు ఆ నల్ల చారని డిజైన్ అనుకుంటున్నారు. మేమూ కాదనడం లేదు.

నాలుగు వారాలన్న పని తొమ్మిది వారాలైంది. ఉగాది పచ్చడి వరండాలోనే కలిపాం. సిమెంటు దుమ్ము పడకుండా మామిడికాయ ముక్కల మీద అత్తయ్య తన జరీచీర కొంగు కప్పింది.

చిమ్నీ వద్దనుకున్నాం, పొదుపు కోసం. ఎగ్జాస్ట్ ఫ్యాను చాలనుకున్నాం. కొత్త వంటింట్లో మొదటి ఆదివారం ఎండుమిర్చి పోపు పెట్టాను. గోడ ఉన్నప్పుడు ఆ ఘాటు వంటింట్లోనే నలిగేది. ఇప్పుడు హాల్లో మా ఆయన, పిల్లలు, చూసిపోదామని వచ్చిన ఆడపడుచు అంతా ఒకేసారి దగ్గు. వారంలో సోఫా గుడ్డలకి ఇంగువ వాసన పట్టేసింది. తెరిచిన వంటింటి బొమ్మలు చూపించేవాళ్లు పోపు పెట్టరేమో మరి. చివరికి 13,500 పెట్టి చిమ్నీ కొన్నాం. పొగని వడకట్టి మళ్లీ గదిలోకే వదిలే రకం కాకుండా, గొట్టం బయటికి పోయేది. గొట్టం ఒక్క మలుపుతో బయట పడేలా పెట్టించాం, మలుపులు పెరిగితే లాగే బలం తగ్గుతుంది. పూర్తిగా ఘాటు పోయిందా అంటే పోలేదు. మిరపకాయలు నూనెలో వేసే ముందు "పోపూ" అని ఒక కేక వేస్తాం. అలవాటైపోయింది.

లెక్క తేల్చితే 2,86,000. చీటీ డబ్బు మీద 25,000 ఎక్కువైంది. అది మా ఆయన పండగ బోనస్‌లోంచి పోయింది, ఆయన గీసిన గీత ఆయనే దాటారు. అటకలకి తలుపులు ఇంకా పెట్టించలేదు. ప్రస్తుతానికి నా పాత వెంకటగిరి చీర రెండు ముక్కలు చేసి తెరల్లా వేలాడదీశాం. చీటీ కిస్తీలు ఇంకా మూడు మిగిలాయి. అవి అయ్యాక చూడాలి.